మాయల పుస్తకాలు పిల్లలకు ఇవ్వొచ్చు

మంత్రాలు, మాయలు ఉన్న నవలలు పిల్లల చేతికి ఇవ్వొచ్చా అని దైవభక్తి గల తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఇవ్వొచ్చనే మా మాట. కానీ పుస్తకం చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటే మాత్రం కుదరదు.

వాళ్ల జంకు ఊరికే పుట్టింది కాదు. బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం సోదెను, చిల్లంగిని (చేతబడిని), కర్ణపిశాచిని అడగడాన్ని సూటిగా నిషేధిస్తుంది. ఖురాన్ రెండో సూరా 102వ ఆయత్ చేతబడి నేర్పడాన్ని తప్పుపడుతుంది. ఫాతిమానగర్ చర్చికి వెళ్లే తల్లి అయినా, కాజీపేట దర్గాకు వెళ్లే తండ్రి అయినా వీటిని పట్టించుకోవడం న్యాయమే. అయితే ఆ వాక్యాలు వద్దంటున్నది మంత్రాలు చేయడాన్ని. కథలో మాయ ఉండటమే దోషమైతే ఈజిప్టు రాజు ఫరో కొలువులోని మాంత్రికుల ఘట్టం బైబిల్లో ఉండేది కాదు. మన బమ్మెర పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడి శత్రువు సాల్వుడు, కృష్ణుడి తండ్రి వసుదేవుడి మాయారూపాన్ని కల్పించి కృష్ణుడి కళ్లెదుటే తల నరుకుతాడు. అది మాయేనని కృష్ణుడు గుర్తించడమే అక్కడ అసలు సంగతి. ఇంగ్లిషులో ఈ తరహా నవలలకు పేరుపడిన, ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ నిష్ఠ గల క్యాథలిక్కు.

పుస్తకం ఎంచుకోవడంలో వయసు ముఖ్యం. హ్యారీ పోటర్ ఏడు భాగాలు 1997 నుంచి 2007 దాకా వచ్చాయి. మొదటిది పదకొండేళ్ల పిల్లవాడి బడి కథ. నాలుగో భాగం చివరికొచ్చేసరికి ఒక విద్యార్థి హత్య, ఎముక, మాంసం, రక్తంతో జరిగే క్రతువు ఉంటాయి. తొమ్మిదేళ్ల పిల్ల మొదటి మూడూ గబగబా చదివేసిందని నాలుగోది వెంటనే అందించడం పొరపాటు. కనీసం రెండేళ్లు ఆగాలి. తీరిక లేని పెద్దలు మొదటి ముప్పై పేజీలు, చివరి రెండు అధ్యాయాలు చూసినా పుస్తకం ఎటు పోతుందో తెలుస్తుంది. ఇంగ్లిషు రాని తల్లిదండ్రులు రోజూ పది నిమిషాలు ఆ కథను తెలుగులో చెప్పించుకోవాలి. ఆ శక్తి ఎవరిచ్చారు, దాన్ని దేనికి వాడారు, ఎవరికి నష్టం జరిగింది అని అడగాలి. భయపెట్టే అధ్యాయాలు సాయంత్రమే ముగించాలి, పడుకునే ముందు వద్దు. ఒంటరిగా బాత్రూముకు పోవడానికి జంకితే ఆ పుస్తకాన్ని కొన్ని నెలలు పక్కన పెట్టాలి. పుల్ల పట్టుకుని మంత్రం చదవడం ఆటే. హాస్టల్ గదిలో అక్షరాల మధ్య నాణెం పెట్టి ఆత్మను పిలవడం వేరు, దాన్ని అక్కడికక్కడే ఆపాలి. పూర్తిగా నిషేధిస్తే మాత్రం పిల్లలు స్నేహితుల ఫోన్లో చదువుతారు, భయమేసినా ఇంట్లో చెప్పరు.

మాకు అంతకంటే పెద్ద దిగులు ఒకటుంది. మంత్రాల నెపంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. జ్వరం తగ్గకపోయినా, బర్రె చచ్చినా, వాకిట్లో కోసిన నిమ్మకాయ కనబడినా పక్కింటి ముసలామెను అనుమానించడం పిల్లలు నవలల్లో నేర్వడం లేదు, పెద్దల నోట వింటున్నారు. “అమ్మా, గిట్ల మంత్రాలు నిజంగ ఉంటయా?” అని పిల్ల అడిగిన రోజు “చదువుకో పో” అని కసరొద్దు. అది కథ అని, పక్కింటామె మంత్రంతో ఎవరికీ జ్వరం తెప్పించలేదని, జ్వరమొస్తే దవాఖానకు పోవాలని తేటగా చెప్పాలి. దేవుణ్ణి నమ్మే ఇంట్లో ఈ మాట అనడానికి ఏ అడ్డూ లేదు.

ఇక బడి సంగతి. తమ బిడ్డకు ఫలానా పుస్తకం వద్దని తల్లిదండ్రులు రాసిస్తే టీచర్లు ఆ మాట మన్నించాలి. ఆ పుస్తకాన్ని బడి గ్రంథాలయం బీరువాలోంచే తీసేయమని అడిగే హక్కు మాత్రం ఎవరికీ లేదు. నిజాం కాలంలో, 1904లోనే, రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయమనే తెలుగు గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్న ఊరు హనుమకొండ. ఇక్కడి హెడ్‌మాస్టర్లు ఆ ఒత్తిడికి తలొగ్గొద్దు.