స్పోర్టింగ్ డైరెక్టర్ కుర్చీ గారికి, చెరువుగట్టు నుంచి

మహారాజశ్రీ స్పోర్టింగ్ డైరెక్టర్ కుర్చీ గారి సముఖానికి,

భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువుగట్టు నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ ఉభయకుశలోపరి. మీకూ మాకూ చుట్టరికం లేదు. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది కనుక రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి, అవి ఆగకుండా చూడటానికి ఒకడు మేలుకోవాలి. ఆ వేళప్పుడు ఫోనులో దొరికే కాలక్షేపం యూరప్ ఫుట్‌బాల్ ఒక్కటే. అలా, క్లబ్‌కు ఏ ఆటగాణ్ని కొనాలో, ఎవరిని అమ్మాలో చూసే పదవికి కుర్చీ అయిన మీ పరిచయభాగ్యం కలిగింది. మైదానంలో పరుగెత్తే ఇరవై ఇద్దరికన్నా మీ మీదే నాకు గురి ఎక్కువ. మీరు కదలరు, మెదలరు. కానీ మీ మీద ఎవరు కూర్చున్నారు, అసలు ఎవరైనా కూర్చున్నారా అన్నదాన్ని బట్టి కోట్ల పౌండ్లు గంగలో కలవడమో కలవకపోవడమో జరుగుతుంది.

2013 వేసవిలో మాంచెస్టర్ యునైటెడ్ నుంచి మేనేజర్ ఫెర్గూసన్, క్లబ్ వ్యవహారాలు నడిపిన డేవిడ్ గిల్ ఇద్దరూ ఒకేసారి సెలవు పుచ్చుకున్నారు. ఫెర్గూసన్ ఉన్నన్నాళ్లూ అక్కడ మీ అవసరం పడలేదు. ఆయన వెళ్లాకైనా మిమ్మల్ని వేస్తారనుకుంటే, వేయలేదు. బ్యాంకింగ్ రంగం నుంచి వచ్చిన ఎడ్ వుడ్‌వర్డ్ గారు బేరాలకు దిగారు. ఎవర్టన్ ఆటగాడు ఫెలైనీ ఒప్పందంలో 2.35 కోట్ల పౌండ్లు కడితే వదిలేయాలని షరతు ఉండేది. దానికి గడువు జులై ఆఖరు. యునైటెడ్ కొత్త మేనేజర్ మోయెస్ వచ్చిందే ఎవర్టన్ నుంచి, ఫెలైనీని అక్కడికి తెచ్చుకున్నదీ ఆయనే. అయినా గడువును భద్రంగా దాటనిచ్చి, సెప్టెంబరు 2న, బదిలీల తలుపులు మూసే రాత్రి, 2.75 కోట్లకు కొన్నారు. నలభై లక్షల పౌండ్ల ఆలస్య రుసుము! కరెంటు బిల్లు ఒక్క రోజు దాటితేనే మా ఇంట్లో రెండు పూటలు మాటలుండవు.

చివరికి 2021 మార్చిలో మిమ్మల్ని అక్కడ వేశారు. వేశారు గానీ మీ మాట చెల్లలేదు. 2022లో వచ్చిన కోచ్ టెన్ హాగ్ తన పాత క్లబ్ అయాక్స్‌లో తన దగ్గర ఆడిన వాళ్లను ఒక్కొక్కరినీ పిలిపించుకున్నారు. లిసాండ్రో మార్టినెజ్ వచ్చాడు, ఆంటనీ వచ్చాడు, మరుసటి ఏడు ఒనానా, ఆపై ఏడు డి లిఖ్ట్, మజ్రవీ. ఒక్క ఆంటనీకే సుమారు 9.5 కోట్ల యూరోలు. ఈ బలగమంతా దిగాక 2024 అక్టోబరులో కోచ్‌నే పంపేసి, వెనుక రక్షణలో ముగ్గురితో ఆడించే అమోరిమ్‌ను తెచ్చారు. ఆంటనీ 2025లో దాదాపు నాలుగో వంతు ధరకు స్పెయిన్ క్లబ్ బెటిస్‌కు పోయాడు. కోచ్ మెచ్చిన ఆటగాణ్ని కొనడం తప్పు కాదు. ఆ కోచ్ వెళ్లాక ఇతణ్ని ఏం చేసుకుంటామని అడిగే నోరు ఒకటి ఉండాలి కదా. అందుకే కదా మిమ్మల్ని వేసింది!

మా వైపు చెరువుకు సొంతదారు హైదరాబాదులో, కౌలుదారు గట్టు మీద, టెక్నీషియన్ మోటారు సైకిల్ మీద, మేత డీలరు అందరి నెత్తి మీదా ఉంటారు. సీడ్, అంటే రొయ్యపిల్లలు, ఏ హేచరీ నుంచి తేవాలో నలుగురూ చెబుతారు. వైరస్ తగిలి, రొయ్య తగిన సైజుకు (కౌంట్) రాకముందే పట్టుబడి చేయాల్సిన రోజున మాత్రం, ఆ సీడ్ తెమ్మన్నది ఎవరో నలుగురికీ గుర్తుండదు. ఒక్క మేలు ఏమిటంటే, మేము రొయ్యపిల్లలకు ఎనిమిదిన్నరేళ్ల ఒప్పందం రాసివ్వం.

లండన్ క్లబ్ చెల్సీ వాళ్లు రాసిచ్చారు. 2022లో అక్కడ యజమానులు మారారు. బేరాలు చూసే మరీనా గ్రనోవ్‌స్కాయా, సాంకేతిక సలహాదారు పీటర్ చెక్ వెళ్లిపోయారు. సహయజమాని టాడ్ బోలీ గారు తాత్కాలికంగా అంటూ స్వయంగా మీ మీద ఆసీనులయ్యారు. డార్ట్‌మండ్‌లో ఉన్నప్పుడు, ఆ వేళ చెల్సీ కోచ్ అయిన టుహెల్ దగ్గరే ఆడిన ఆబమెయాంగ్‌ను సెప్టెంబరు 1న తెచ్చారు. 6వ తేదీన జాగ్రెబ్‌లో అతని మొదటి ఆట. 7వ తేదీన టుహెల్‌ను తీసేశారు. పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టి పురోహితుణ్ని పంపేసిన పెళ్లిళ్లు మా గోదావరి జిల్లాల్లో కూడా జరగలేదు. 2023 జనవరిలో ముద్రిక్‌కు, 10.68 కోట్ల పౌండ్ల ఎంజో ఫెర్నాండెజ్‌కు ఎనిమిదిన్నరేళ్ల చొప్పున ఒప్పందాలు. కొన్న ధరను ఒప్పందమున్న ఏళ్లన్నిటికీ పంచి పద్దు రాస్తారు కనుక, ఏళ్లు పెరిగే కొద్దీ ఏటి ఖర్చు సన్నగా కనబడుతుంది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఇది గమనించి, ఆ ఏడాదే, ఐదేళ్లకు మించి పంచడానికి వీల్లేదంది.

మీరు వెలిగిన చోట్లూ ఉన్నాయి, అబద్ధమెందుకు. స్పెయిన్ క్లబ్ సెవిల్లాలో పాత గోల్‌కీపర్ మోంచి 2000లో, జట్టు రెండో డివిజన్‌లో ఉండగా, మీ మీద కూర్చుని 2017 దాకా లేవలేదు. కోచ్‌లు వస్తూ పోతూనే ఉన్నారు, యూరప్‌లో రెండో పెద్ద కప్పు మాత్రం ఐదుసార్లు ఆ ఊరికి చేరింది. లివర్‌పూల్‌లో కోచ్ క్లాప్ మనసు బ్రాండ్ట్ అనే ఆటగాడి మీద ఉంటే, మీ మీద కూర్చున్న మైకేల్ ఎడ్వర్డ్స్, ఆయన మనుషులు సలాయే కావాలని పట్టుబట్టారు. క్లాప్ విన్నారు. నా లెక్కలో ఆ బేరంలో గొప్పతనం పట్టుబట్టినవాళ్లకు సగం, విన్నవాడికి సగం.

ఇక డాన్ ఆష్‌వర్త్ సంగతి మీకు చెప్పేంతటివాణ్ని కాను. బ్రైటన్‌లో ఆయన ఉన్నప్పుడు ఈక్వడార్ నుంచి వచ్చిన ఆటగాడు కైసెడోను ఆ క్లబ్ తర్వాత చెల్సీకి 11.5 కోట్ల పౌండ్ల దాకా అమ్ముకుంది. అలాంటి మనిషిని మీ మీద కూర్చోబెట్టాలని యునైటెడ్ కొత్త పెద్దలు, అప్పటికి ఆయన ఉన్న న్యూకాజిల్‌తో నెలల తరబడి బేరమాడి, 2024 జులైలో తెచ్చుకుని, డిసెంబరులో సాగనంపారు. ఐదు నెలలు! మా వనామి రొయ్య ఒక పంటకు పట్టేది మూడు నాలుగు నెలలే, కానీ మేము ముందు పంట చూసి తర్వాత మాట్లాడతాం.

కాబట్టి తమరికి నా విన్నపం. ఇకపై యజమాని వచ్చి కూర్చోబోతే ఒక కాలు విరిగినట్టు నటించండి. కోచ్ తన పాత శిష్యుల జాబితాతో వస్తే కిర్రుమనండి. ఏజెంటు వస్తే మాత్రం నేరుగా పడగొట్టండి, పాపం రాదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
రాత్రి కాపలా రైతు

తా.క.: సలాను ఇటలీ క్లబ్ రోమా 2017లో లివర్‌పూల్‌కు అమ్మినప్పుడు, రోమాలో మీ మీద కూర్చున్నది సెవిల్లా నుంచి అప్పుడే వచ్చిన మోంచి గారే. ఆర్థిక నిబంధనల వల్ల అమ్మక తప్పలేదని ఆయన తరువాత చెప్పుకున్నారు. ఆ కాగితం ఫైలు నుంచి తీసేయమని ఎవరైనా అడిగితే ససేమిరా అనండి.