కోరింత దగ్గు: మేనత్త బారసాలకు రావచ్చా?

(పాప పుట్టి 18 రోజులు. మూడు రోజుల్లో బారసాల. మేనత్త పది రోజులుగా దగ్గుతోంది. వంటింట్లో అత్త, కోడలు.)

అత్త: మేనత్త లేకుండా బారసాలేంటమ్మాయ్? గడప తొక్కొద్దన్నారని నా కూతురికి నేనెలా చెప్పను?

కోడలు: వదినను రావద్దనట్లేదు అత్తయ్యా. ముందు డాక్టరుకు చూపించుకోమంటున్నాను. మొన్న వీడియో కాల్లో చూశాగా, ఊపిరి తీసుకోనివ్వకుండా దగ్గి దగ్గి చివరికి వాంతి చేసుకుంది. మామూలు జలుబు దగ్గులా లేదు.

అత్త: కోరింత దగ్గంటావా? అది పిల్లలకొచ్చేది. నా కూతురికి చిన్నప్పుడే టీకాలన్నీ వేయించాను.

కోడలు: ఆ బలం కొన్నేళ్లకు తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు మొండి దగ్గులా ఉంటుంది, వాళ్ల నుంచే పసివాళ్లకు అంటుకుంటుంది. పాపకు కోరింత దగ్గును కూడా ఆపే పెంటావాలెంట్ టీకా మొదటిసారి పడేది ఆరు వారాలకి. తర్వాత పదికి, పద్నాలుగుకి.

అత్త: నువ్వు కడుపుతో ఉన్నప్పుడు సూదులు వేశారుగా?

కోడలు: అది టీడీ. ధనుర్వాతానికి, కంఠసర్పికి. కోరింత దగ్గుకు పనిచేసేది టీడాప్. 27 నుంచి 36 వారాల మధ్య వేయించుకుంటే కడుపులో ఉండగానే బిడ్డకు రక్షణ అందుతుంది. నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

(ఇక్కడ ఆమె గొంతు పూడుకుపోయింది. తప్పు ఆమెది కాదు. కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లకూ ఈ మాట ముందే చెప్పాలి.)

అత్త: మా తమ్ముడికి నాలుగేళ్లప్పుడు వచ్చింది. కళ్లు ఎర్రబడేవి, దగ్గు తెర ఆగగానే కూతపెట్టినట్టు గాలి పీల్చేవాడు. అమ్మ గాడిద పాలు పట్టింది. మూణ్ణెల్లకు తగ్గింది.

కోడలు: మందు లేకపోయినా ఇంచుమించు అన్నాళ్లకే తగ్గుతుంది. చైనాలో దీన్ని వంద రోజుల దగ్గనే అంటారు. పైగా మీ తమ్ముడిది అప్పటికి నాలుగేళ్ల ఒళ్లు. ఇంత పసిగుడ్డుకు ఆ కూత కూడా రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోవచ్చు, పెదాలు నీలమవ్వొచ్చు. మనం నిద్రపోతోందనుకుంటాం.

అత్త: (కాసేపాగి) టీకా అంటున్నావు, పెద్దాడికి వేసిన రాత్రి తొడ వాచి ఒళ్లు కాలిపోయింది. తెల్లారేదాకా ఎత్తుకు తిరిగింది నేనే.

కోడలు: అవును, మీరే. కానీ ఆ జ్వరం రెండు రోజుల్లో పోయింది. జపాన్‌లో టీకా వల్ల ఇద్దరు పసివాళ్లు పోయారని 1975లో దాన్ని కొన్నాళ్లు ఆపేశారు, ఆ తర్వాత వేయించేవాళ్లూ తగ్గిపోయారు. 1979లో 13 వేల మందికి పైగా ఈ దగ్గు వచ్చింది, 41 మంది చనిపోయారు.

అత్త: దగ్గిన ప్రతివాళ్లనీ దూరం పెడితే బాలింతకు నీళ్లు పోసేదెవరు? రేపు నాకు దగ్గొస్తే?

కోడలు: మీరూ చూపించుకోవాలి అత్తయ్యా. పరీక్షలో అదే అని తేలితే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఇస్తారు. ఐదు రోజులు వాడాక వేరేవాళ్లకు అంటదు. బారసాల మూడో నెలలో చేసేవాళ్లూ ఉన్నారుగా.

అత్త: (ఫోన్ అందిస్తూ) నువ్వే మాట్లాడు. నేను చెబితే ఏడుస్తుంది. ఆ ఊపిరి ఆగే సంగతి మాత్రం మెల్లగా చెప్పు.