మహారాజశ్రీ స్టాక్ రిజిస్టరు గారికి

నిన్న మధ్యాహ్నమంతా మీ గది ముందు బెంచీ మీద కూర్చున్న నెల్లూరు జువాలజీ లెక్చరరు వ్రాసుకున్న విన్నపం.

ఎర్ర గుడ్డ అట్ట వేసుకుని, బీరువా మూడో అరలో మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. రెండుంబావుకి వచ్చాను. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళారు. మూడున్నరకి వచ్చి మిమ్మల్ని బయటికి తీసి, దుమ్ము దులిపి, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పి నలభై ఏడో పేజీ దగ్గర ఆగారు. అక్కడ నేనున్నాను. 'శాటిలైట్ ట్యాగులు, 3.'

"ఇవి చూపించండి సార్. ఫిజికల్ వెరిఫికేషన్."

అంటార్కిటికాలో ఉన్నాయన్నాను.

"అది ఏ బ్లాకు సార్?"

ఆయన్నేమీ అనను. తప్పంతా మీదే. మీ పుట్టుక నుంచీ ట్యాగు అంటే ఫైలుకి కట్టే దారమే. "మూడు ట్యాగులకి ఆరు లక్షల డెబ్బై వేలా? ఏంది సార్ ఇది! స్టోన్‌హౌస్‌పేటలో కట్ట నలభై రూపాయలు." ఆ ట్యాగు కాదండీ, సీలుకి అంటించే ట్యాగు అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. "సీలుకి ట్యాగెందుకు సార్? సీలేసి సంతకం పెడితే సరిపోదా?"

సీలంటే జంతువు, వెడెల్ సీల్ అంటారు, నాలుగైదు వందల కిలోలు తూగుతుంది, ఇంచుమించు మన ఒంగోలు గిత్తంత అని చెప్పాను. గిత్త పేరెత్తడం నేను చేసిన రెండో తప్పు. "గిత్తలకి చెవికి పసుపు ట్యాగేస్తారు గదా సార్, పన్నెండంకెలది. మా ఊళ్ళో పశువుల డాక్టరు ఊరికే వేసిపోయాడే!"

ఆయనకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను. మీకు నోరు లేదన్నదొక్కటే నా ధైర్యం.

సీలు ఎక్కడ తిరుగుతోందో ఉపగ్రహం ద్వారా మనకి చెప్పే ఆ ట్యాగు ఒక్కోటి రెండు లక్షల చిల్లర. మీ దగ్గరున్నది ఆ అంకె ఒక్కటే. అది సీలు నెత్తి మీదికి చేరడానికి ఎంతయిందో రాసుకునే గడి మీలో లేదు. ముందు ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒళ్ళంతా పరీక్షలు. తర్వాత ఔలీ కొండల్లో మంచు మీద నడక నేర్చుకోవడం. నలభై నాలుగు డిగ్రీల ఎండల్లో పెరిగినవాణ్ణి, ఎన్నిసార్లు పడ్డానో అడక్కండి. కేప్‌టౌన్ నుంచి సరుకుల విమానంలో ఆరు గంటలు. హమ్మయ్య, దిగాం అనుకుంటే, అక్కడి నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం, భారతి స్టేషన్, ఇంకో మూడు వేల కిలోమీటర్లు. నెల్లూరు నుంచి కాశ్మీరుకి రోడ్డు మీద పోయినంత దూరం, మధ్యలో ఒక్క టీ కొట్టు ఉండదు. భారతి నుంచి సీళ్ళు పడుకునే మంచు దగ్గరికి హెలికాప్టరు, దానికి గంటల లెక్క. డీజిలు, బియ్యం, పప్పు, స్క్రూడ్రైవరు అన్నీ ఓడలో రావాలి. తిరిగొచ్చేటప్పుడు మన చెత్త మనమే డ్రముల్లో కట్టి వెనక్కి మోసుకురావాలి. 1991 మాడ్రిడ్ ఒప్పందం అట్లా ఉంది మరి. పోవడానికి ఒక బాడుగ, చెత్త రావడానికి ఇంకో బాడుగ.

ఇన్నిటిలోకీ ఖరీదైన పని ఏదో తెలుసా? ఊరికే కూర్చోవడం. నాలుగు రోజులు మంచు తుఫాను. హెలికాప్టరు లేవదు. జనరేటరు మాత్రం ఆగదు, డీజిలు తగలబడుతూనే ఉంటుంది. ఐదో రోజు మూడు గంటలు తెరిపిచ్చింది. ఆ మూడు గంటల్లో, అనుమతి పత్రంలో ఎట్లా ఉందో అట్లాగే, మూడు సీళ్ళ నెత్తిన బొచ్చు తుడిచి ఆరబెట్టి, జిగురు పెట్టి ట్యాగులు అంటించాం. ఒకటి నా గ్లవ్సుకీ అంటుకుంది. ఆ గ్లవ్సు మీ యాభై రెండో పేజీలో ఉంది, నాకు తెలుసు. దాన్ని మాత్రం చూపించగలను.

ఆ ట్యాగు బొచ్చుకే అంటి ఉంటుంది. ఏటా పాత బొచ్చు రాలినప్పుడు దాంతోపాటే రాలి పోతుంది. పోవాలి కూడా. జన్మంతా దాని నెత్తిన బరువు ఉండకూడదనే అట్లా అంటిస్తారు. అంటే పని ముగిసిందని. మీ భాషలో ఆ మాట లేదు. మీకు తెలిసినవి రెండే, ఉన్నది, పోయినది. పోయినదైతే ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేయాలి!

ఏ స్టేషన్లో పెట్టమంటారు? ఆ ఖండంలో కొత్తగా ఎవరూ 'ఇది మాది' అనకూడదని 1959లో పన్నెండు దేశాలు కూర్చుని సంతకాలు పెట్టాయి. పోనీ మన ఊరి స్టేషనుకే పోయి, "అయ్యా, దొంగ పేరు సీలు, ఒంటి నిండా మచ్చలు, మీసాలుంటాయి, ఆఖరిసారి నీళ్ళలోకి జారుతుండగా చూశాను" అని రాసిమ్మంటారా? అదీ కాకపోతే పాత వస్తువు తెచ్చి అప్పజెప్పాలట. తెస్తాను. ఓడ, హెలికాప్టరు, మంచు కింద అడుగు దాకా మునిగే మనిషి. మూడింటికీ మూడేసి కొటేషన్లు కూడా తెస్తాను.

రిజిస్టరూ, 'గారు' తీసేశాను, గమనించు.

ఆ మూడు ట్యాగుల్లో రెండు తొందరగానే మూగబోయాయి. మూడోది తొంభై ఏడు రోజులు మాట్లాడింది. సీలు గాలి పీల్చుకోవడానికి పైకొచ్చినప్పుడు, ఆ సమయానికి పైన ఉపగ్రహం ఉంటే, ఎక్కడుందో ఎంత లోతుకి పోయొచ్చిందో చెప్పేది. రోహిణి కార్తెలో, మూలాపేటలో, ఫ్యాను కింద బనీనుతో కూర్చుని నేను చూసేవాణ్ణి. అక్కడ చలికాలం, సూర్యుడు లేడు. అది చీకట్లో ఐదు వందల మీటర్లు దిగి మళ్ళీ తన కన్నం వెతుక్కుంటూ వచ్చేది. ఆ కన్నం పూడిపోకుండా పళ్ళతో మంచు గీక్కుంటుంది. గీకి గీకి పళ్ళరిగిపోతే ఇక దాని ఆయుష్షు అయిపోయినట్టే. తొంభై ఎనిమిదో రాత్రి పలకలేదు. "రేపు పలుకుద్దిలే, పడుకో" అంది మా ఆవిడ. పలకలేదు. ఆ తొంభై ఏడు రోజులు ఏ పేజీలో రాసుకున్నావు నువ్వు? దారం ముక్కకున్న విలువ కూడా లేదా దానికి?

మార్చి 31 లోపల ఖర్చు చూపించమంటావు. అక్కడ పని జరిగేదే నవంబరు నుంచి మార్చి దాకా. అంత దూరం ఎందుకు, పులికాట్‌లో ఫ్లెమింగోలు లెక్కపెట్టడానికి పోతే అయిన ఖర్చు బస్సు టిక్కెట్టు, అరడజను అరటిపళ్ళు. 2022లో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది కాబట్టి జిల్లా దాటడానికి ముందస్తు అనుమతి ఏదీ అన్నారు. కొంగలకి లేని హద్దు నాకొచ్చింది.

మొన్న రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో జనం చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె పట్టుకుంటుంటే గట్టున నిలబడి చూశాను. వచ్చే ఏడు నేనూ దిగుతాను. 'రైట్ ఆఫ్' రొట్టె, అంటే పోయిన వస్తువుని లెక్కలోంచి కొట్టేసే రొట్టె, ఎవరైనా వదులుతారేమో.

ఈలోగా, నలభై ఏడో పేజీలో 'వస్తువు ఉన్న చోటు' అనే గడి ఖాళీగా ఉండడం నిన్న చూశాను. ఇట్లా రాసుకో, కింద నేను సంతకం పెడతాను: భారతి స్టేషన్ దగ్గర, సముద్రం అడుగున. పైన మంచు. సీలు వేసే ఉంది.