వాణ్ని వదిలేయండ్రా బాబూ

డెడ్ బై డేలైట్ అనే వీడియో గేమ్‌లో కిల్లర్ ఆడే మా ఒడిశా బరంపురం కుర్రాళ్లందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నాను. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. ఎదురుగా ఒకడు పరిగెడుతున్నాడని వాడి వెనకే పోవాల్సిన పని లేదు. వదిలేయండి. మీ ఆట అంతా చెడేది అక్కడే. చెడ్డాక మళ్లీ నెట్ బాలేదంటారు, మ్యాప్ బాలేదంటారు, అవతలివాళ్లు చీటింగ్ అంటారు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2016లో వచ్చింది, కెనడాలోని బిహేవియర్ ఇంటరాక్టివ్ వాళ్లది. ఒక కిల్లర్, నలుగురు సర్వైవర్లు. మ్యాప్‌లో ఏడు జెనరేటర్లుంటాయి. ఐదు బాగుచేస్తే గేట్లకు కరెంటు వస్తుంది, తెరుచుకుని పారిపోవచ్చు. కిల్లర్ వాళ్లను కొట్టి పడగొట్టి, భుజాన వేసుకుని హుక్‌కి తగిలించాలి. ఒకే మనిషి మూడోసారి హుక్ ఎక్కాడంటే వాడి పని అయిపోయినట్టే.

ఇప్పుడు లెక్కలోకి రండి. ఒక్కడే కూర్చుంటే జెనరేటర్‌కి 90 సెకన్లు పడుతుంది. మీరు ఒకడి వెంటపడ్డారు, మిగతా ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. ఒకటిన్నర నిమిషం మీరు ఆ ఒక్కడి చుట్టూ ప్రదక్షిణ చేసేసరికి ఐదింట్లో మూడు గల్లంతు. చాలామంది కిల్లర్ల స్పీడ్ సెకనుకు 4.6 మీటర్లు, సర్వైవర్‌ది 4. వాడు 12 మీటర్ల ముందున్నాడంటే, తిన్నగా పరిగెత్తినా అందుకోవడానికి 20 సెకన్లు. వాడు తిన్నగా ఎందుకు పరిగెడతాడు? ప్యాలెట్ దగ్గరికి, అంటే మీ దారికి అడ్డంగా పడేసే చెక్క పలక దగ్గరికి పోతాడు, దూకడానికి కిటికీ దగ్గరికి పోతాడు. పైగా మీకు కనిపించేది కళ్లెదుట ఉన్నదే. వాడి కెమెరా వీపు వెనకాల ఉంటుంది కాబట్టి, గోడ పక్కన నిలబడే మీరు ఎటు తిరుగుతున్నారో చూసుకుంటాడు. అన్నీ వాడికి అనుకూలంగా ఉన్న చోట మీరు పంతానికి పోతున్నారు.

మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలో పులివేషాలు చూసే పెరిగాం కదా మనం. కొత్తగా వేషం కట్టినవాడు కనిపించిన ప్రతి పిల్లాడి మీదకీ దూకి కాసేపటికే రొప్పుతూ కూలబడతాడు. చేయి తిరిగినవాడు డప్పుకి తగ్గట్టు నిలబడి, ఒక పక్కకి తల తిప్పి ఒక్క అడుగు వేస్తాడు. ఆ పక్కనున్న జనమంతా వెనక్కి జరిగిపోతారు. ఎవర్నీ ముట్టుకోలేదు, వీధి సగం ఖాళీ. కిల్లర్ చేయాల్సింది అదే. మీరు దగ్గరికొస్తే వాళ్లకు గుండెచప్పుడు వినిపిస్తుంది, మామూలుగా 32 మీటర్ల దాకా. జెనరేటర్ మీద కూర్చున్నవాడు ఆ చప్పుడికి లేచి పోయాడంటే, కత్తి ఎత్తకుండానే మీ పని జరిగినట్టే. వాడు తిరిగొచ్చి కూర్చునేదాకా పోయిన టైమంతా మీదే.

అందుకే మొదటి నిమిషంలో చూసుకోవాల్సింది మనుషుల్ని కాదు, జెనరేటర్లని. ఏ మూడు దగ్గరదగ్గరగా ఉన్నాయో చూసుకుని, దూరంగా ఉన్నవాటి మీద ఆశ వదులుకోండి. చివరికి మిగిలిన ఒక్కటీ ఆ మూడింట్లోనే బాగుపడాలి. అప్పుడు వాళ్లు ఎటు పోయినా మీ కాళ్ల దగ్గరికే రావాలి. దీన్ని కొందరు బోర్ ఆట అంటారు. అంటే అననివ్వండి.

ఇక వెంటపడక తప్పని సందర్భం. మీకూ వాడికీ మధ్య ఒక గోడ, దాని చివర నిలబెట్టిన ప్యాలెట్. మీ ముందు నేల మీద ఎర్రటి వెలుగు పడుతుంటుంది, వాడు చూసేది దాన్నే. కుడి మూల దాకా వెళ్లి, ముఖం తిప్పకుండా అలాగే వెనక్కి నడవండి. వెలుగు కుడివైపే కనిపిస్తుంటుంది, మీరు మాత్రం ఎడమవైపు నుంచి వస్తుంటారు. తెలివైనవాడు ఒకసారి మోసపోతాడు. రెండోసారి మోసపోడు, అప్పుడిక ఆ ప్యాలెట్‌ని మర్చిపోండి. ప్యాలెట్ పడేశాడంటే విరగ్గొట్టండి, ఇంకొకరికి పనికి రాకుండా పోతుంది. పడేయలేదంటే మాత్రం ఆ చుట్టూ మూడో రౌండు తిరగకండి. పడగొట్టకపోయినా, ఒక్క దెబ్బ తగిలి గాయమైనా చాలు. కొట్టగానే మనం ఆయుధం తుడుచుకుంటూ ఆగిపోతాం, వాడికి ఆ దెబ్బతోనే వేగం వస్తుంది. అలాంటప్పుడు మళ్లీ వాడి వెనకే ఎందుకు? దగ్గర్లో ఉన్న జెనరేటర్ వైపు తిరగండి. గాయపడ్డవాడు ఎలాగూ మూలుగుతూ తిరుగుతాడు, వాడికి కట్టు కట్టడానికి ఇంకొకడు పని మానుకుని వస్తాడు. ఒక్క దెబ్బకి ఇద్దరు ఆగారు.

మూలుగు అన్నాను కాబట్టి చెప్తున్నా, హెడ్‌ఫోన్స్ లేకుండా కిల్లర్ ఆడకండి. స్పీకర్‌లో సౌండ్, నెత్తిన ఫ్యాన్ మోత, ఇంక మీకేం వినపడుతుంది? గడ్డిలో అడుగులు, గాయపడ్డవాడి ఊపిరి, ఉన్నట్టుండి లేచిన కాకులు, సగం ఆట చెవులతోనే. పరిగెత్తినవాడి వెనక ఎర్రటి గీతలు పడతాయని అందరికీ తెలుసు. నడిస్తే పడవు. గీతలు హఠాత్తుగా ఆగిపోయాయంటే వాడు మాయమవలేదు, నడుచుకుంటూ మీ పక్కనుంచే వెనక్కి పోతున్నాడు.

మర్యాదల గురించి కూడా మాట్లాడాలి, అసలు మంట అక్కడే ఉంది. హుక్ దగ్గర నిలబడకూడదట, తోటివాళ్లు ఇప్పుడే హుక్ మీంచి దింపినవాణ్ని మళ్లీ పట్టుకోకూడదట. ఈ రూల్స్ రాసేదెవరు? సర్వైవర్లు. నలుగురూ డిస్కార్డ్ వాయిస్ చాట్‌లో కూర్చుని “ఆసుచి, ఆసుచి” (ఒడియాలో వస్తున్నాడు) అని ఒకడు, “ఇటు రావట్లేదు, నువ్వు కానివ్వు” అని ఇంకొకడు, సందు సందుకీ కబురందించుకుంటారు. ఆటలో వాయిస్ లేనే లేదు, తెచ్చుకున్నది వాళ్లే. కిల్లర్‌కి మాత్రం నీతులు. ఆట మొదట్లోనే హుక్ దగ్గర కాపలా కాయడం నాకూ నచ్చదు. అది పాపమని కాదు, తెలివితక్కువ పని అని. మీరక్కడ నిలబడితే జెనరేటర్లు ఎవరు చూస్తారు? గేట్లకు కరెంటు వచ్చేశాక లెక్క మారిపోతుంది. కాపాడుకోవడానికి జెనరేటర్లు లేవు, చేతిలో ఉన్నది హుక్ మీద ఉన్న మనిషే. అప్పుడు కదలకండి. ఎవడేం తిట్టినా కదలకండి. వాళ్లు వదిలేసి పోవచ్చు, గేటు తెరవడానికి 20 సెకన్లే. పోలేదంటే వాళ్లిష్టం.

ఆట అయ్యాక గేటు దగ్గర కూర్చుని లేస్తూ వెక్కిరించేవాళ్లు సరేసరి. తరమడానికి పోకండి, వాళ్లకు కావల్సింది అదే.

చివరిగా మన గ్రూప్ సంగతి. ఐదుగురం కూడి మనలో మనమే ఆడుకునే కస్టమ్ గేమ్ పెట్టుకున్నప్పుడల్లా కిల్లర్ ఎవరంటే అందరూ కిక్కురుమనరు. ఆఖరికి అందరికంటే చిన్నవాణ్ని, ఏ పెర్క్ (ఆటకు ముందు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) ఏంటో తెలియనివాణ్ని, “నువ్వు ఆడరా తమ్ముడూ” అని తోస్తారు. వాడు ఓడితే నవ్వుతారు, పొరపాటున గెలిస్తే “హుక్ దగ్గర నిలబడ్డావ్” అని తిడతారు. తర్వాత వాడు ఆటకే రాడు, మళ్లీ మనిషి తక్కువయ్యాడని నాకు ఫోన్. ఈసారి నుంచి వరస పెట్టుకుందాం, పెద్దవాళ్ల నుంచి మొదలు. గిరి రోడ్డు బ్యాచ్‌తో కలిపి. కాదన్నవాడు కిల్లర్ గురించి నోరెత్తకూడదు.