ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే కార్బ్స్ కాలిపోవు

తిరుపతిలో చుట్టాల గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపులు అన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతా ఉంది. ఎయిర్ ఫ్రయర్‌లో చేస్తే పిండిలో కార్బ్స్ (ఒంట్లో షుగర్‌గా మారే పిండిపదార్థాలు) కాలిపోతాయంట, షుగర్ ఉన్నోళ్ళు మురుకులు, నిప్పట్లు, ఉర్లగడ్డ చిప్స్ ఎంతైనా తినొచ్చంట, ఎంత ఎర్రగా అయితే అంత కార్బ్స్ పోయినట్టంట, రాగి మురుకులు, మఖానా, బొరుగులు 'లో కార్బ్', అంటే కార్బ్స్ తక్కువుండేవంట, నూనె చుక్క కూడా వద్దంట. ఇది నమ్మి పెద్దోళ్ళు సాయంత్రమైతే గిన్నెలు గిన్నెలు తింటా ఉన్నారు, చూస్తా ఊరుకోలేక రాస్తా ఉండా.

కార్బ్స్ కాలిపోవడం అబద్ధం. ఎయిర్ ఫ్రయర్ అంటే ఫ్యాన్ ఉండే చిన్న ఓవెన్, పైన కాయిల్ కాగుతుంది, ఫ్యాన్ ఆ వేడిగాలిని జోరుగా తిప్పుతుంది, పైన తడి ఆరి కరకరలాడుతుంది. తగ్గేది నూనె. గ్రాము నూనెకి 9 కేలరీలు కాబట్టి ఆ లాభం నిజమే, కాదనను. కానీ పిండిపదార్థం యాడికీ పోదు. పచ్చి ఉర్లగడ్డ 100 గ్రాముల్లో కార్బ్స్ 17 గ్రాముల దాకా ఉంటాయి, చిప్స్ అయ్యేసరికి నీళ్ళు పోయి బరువు తగ్గిపోతుంది, కార్బ్స్ అట్లే ఉంటాయి, అందుకే తయారైన చిప్స్ 100 గ్రాములు తింటే మూడింతలకు పైనే లోపలికి పోతాయి.

ఎర్రగా అవ్వడం గురించి చెప్పింది ఇంకా ప్రమాదం. పిండి ఎక్కువుండేవి 120 డిగ్రీలు దాటి బాగా మాడితే అక్రిలమైడ్ అనే పదార్థం తయారవుతుంది, అది ఒంటికి మంచిది కాదు. బంగారు రంగు రాగానే తీసేయండి.

రాగులు మంచివే, పీచు ఉంది, కాల్షియం ఉంది, మనం సంగటి తిని పెరిగినోళ్ళమే. కానీ రాగిపిండిలో 100 గ్రాములకి దగ్గర దగ్గర 70 గ్రాములు కార్బ్సే, బియ్యప్పిండిలో 80 దాకా, తేడా అంతే. మఖానాలో కూడా 70 పైనే. బొరుగులు బియ్యమే కదా.

నిజంగా లో కార్బ్ కావాలంటే మన జిల్లాలో పండే చెనిగ్గింజలు ఉన్నాయి, 100 గ్రాములకి కార్బ్స్ 16, అందులో సగం పీచే, ప్రొటీన్ 25. కేలరీలు మాత్రం 560 పైన, గుప్పెడుతో ఆపాలి. పనీర్ ముక్కలు బాగుంటాయి. నాకైతే బెండకాయే ఇష్టం, కడిగి బట్టతో పూర్తిగా తుడిచి సన్నగా పొడవుగా కోసి, ఉప్పు, కారం, స్పూను చెనిగనూనె పట్టించి 180 డిగ్రీల్లో పెట్టి మధ్యమధ్యలో బుట్ట ఊపాలి. ఆ స్పూను నూనె ఉండాల్సిందే, లేకుంటే ముక్క తోలులాగా సాగుతుంది. బుట్టలో ఒకదాని మీద ఒకటి కుక్కితే ఆవిరికి మెత్తబడతాయి, రెండు వాయిలుగా వేసుకోండి. పూర్తిగా ఆరినాక డబ్బాలో పెట్టండి. బజ్జీల మాదిరి జారుడు పిండి మాత్రం పోయొద్దు, గట్టిపడేలోపే కిందికి కారిపోతుంది.

ఇంకొకటి, ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్ళు ఒక్కసారిగా కార్బ్స్ బాగా తగ్గించేస్తే షుగర్ పడిపోతుంది, చెమటలు పడతాయి, కళ్ళు తిరుగుతాయి. డోసు గురించి ముందే డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి.