మడత కుర్చీకి 20 ఏళ్ల గుత్తాధిపత్యమా?

గాడికి గడియ కలిపిన మడత కుర్చీకి పేటెంట్‌ను అమెరికాలో పేటెంట్ కార్యాలయ పరిశీలకుడు కాదన్నాడు, అక్కడి అప్పీళ్ల బోర్డూ కాదంది. వివాదం ఇప్పుడు పేటెంట్ అప్పీళ్లు వినే ఫెడరల్ సర్క్యూట్ కోర్టు మెట్లెక్కింది. 'ఈ భాగాలన్నీ ఒకే పాత పత్రంలో చూపండి' అంటోంది దరఖాస్తుదారు పక్షం. అది కొత్తదనానికి పెట్టే పరీక్ష. అమెరికా పేటెంట్ చట్టం 103వ సెక్షన్ అడిగేది వేరు: పాతవి తెలిసిన మామూలు పనిమంతుడికి ఈ కూర్పు తట్టేదా, లేదా?

కుర్చీనే విప్పి చూద్దాం. ముందుకాలు, వెనుకకాలు ఒకే రివెట్ మీద కత్తెరలా తిరుగుతాయి. సీటు ముందుకాలికి కీలుతో ఉంటుంది; దాని వెనుక అంచు పిన్ను వెనుకకాలి గాడిలో జారుతుంది. సీటెత్తితే కాళ్లు దగ్గరవుతాయి. దించితే పిన్ను గాడి కొసకు తగిలి ఆగుతుంది. ఆ కొస అరిగినా, పిన్ను వంగినా కాళ్లు బార్లా చాపుకుంటాయి, కూర్చున్నవాడు నేలమీద ఉంటాడు. అందుకే కాళ్లను కదలకుండా పట్టే గడియ. గాడి పాతది, గడియ పాతది, గడియ అవసరమూ పాతదే. రెండూ కలిపినందుకు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు కావాలట!

'ఆ గడియ ఈ గొట్టపు కాలికి పట్టదు' అన్న తరహా వాదన 1981లో కెల్లర్ కేసులోనే వీగిపోయింది. ఊడదీసి బిగించడం కాదు, పాత పత్రాలు కలిసి ఏం నేర్పుతున్నాయన్నదే లెక్క. చూశాక ఏదైనా సులువుగానే తోస్తుందన్న హెచ్చరికలో నిజముంది. కానీ ఆ మాట ప్రతి కూర్పుకూ కవచం కాదు.

మా ఆందోళన ఈ ఒక్క కుర్చీ గురించి కాదు, అది వేసే దారి గురించి. ఈ గడియకు పేటెంట్ ఇస్తే రేపు రివెట్ బదులు బోల్టు వేసినవాడూ, ఎల్లుండి కాలికి రబ్బరు తొడిగినవాడూ వరుస కడతారు. తలుపు పిడిని మట్టితో చేసినందుకు ఇచ్చిన పేటెంట్ 1851లోనే నిలవలేదు. దుక్కి పరికరంలో కాడ, కీలుపలకల చోట్లు తారుమారు చేసినది 1966లో నిలవలేదు. కారు పెడల్‌కు సెన్సర్ తగిలించినదీ 2007లో నిలవలేదు. ఇంత కట్టిన గోడకు కుర్చీ కోసం కన్నం పెట్టాలా?

ఆ దుక్కి పరికరం కేసులో గ్రాహం తీర్పు వచ్చిన రోజే ఆడమ్స్ బ్యాటరీ పేటెంట్‌ను సుప్రీంకోర్టు నిలబెట్టింది. నిపుణులు పనిచేయదన్న కూర్పు అనూహ్యంగా పనిచేసింది కాబట్టి! బరువు పెరిగేకొద్దీ గడియ మరింత బిగుసుకుంటుందని పాత కుర్చీతో పోల్చి చూపే పరీక్ష ఉంటే దాన్ని పరిశీలకుడి ముందే పెట్టాల్సింది. ఈ అప్పీలులో కొత్త సాక్ష్యానికి చోటులేదు. అమ్మకాల లెక్కలు చూపితే, అవి గడియ వల్లే పెరిగాయని రుజువు చేయాలి. రికార్డులో లేని బలాన్ని లాయర్ల వాగ్ధాటితో తెప్పించుకోవాలనుకోవడం బుకాయింపు.