నయాగరా వెళ్లే దారిలో స్క్రాంటన్‌లో ఆగండి

ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లందరం ఒకటే దారి పడతాం. న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా, మధ్యలో ఏదో ఒక గుడి. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ మీదుగా ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు, గ్యాస్ కోసం తప్ప ఆగింది లేదు. సింగరేణిలో ముప్పై ఏళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరైన మా మామయ్య, రోడ్డు పక్కన బోర్డు చదివి "ఇక్కడ గూడ బాయి ఉన్నదారా?" అని అడగకపోతే పోయిన వేసవిలో కూడా ఆగేవాళ్లం కాదు.

బాయి అంటే బొగ్గుగని. దాని పేరు లాకవానా కోల్ మైన్. 1860లో మొదలై 1966లో మూతపడింది, 1985 నుంచి జనానికి చూపిస్తున్నారు. వాలుగా వేసిన పట్టాల మీద పెట్టెలాంటి బండిలో కూర్చోబెట్టి 300 అడుగుల లోతుకు దింపుతారు. బయట ఎంత ఎండ ఉన్నా లోపల 53 డిగ్రీల ఫారెన్‌హీటే, స్వెటర్ మర్చిపోవద్దు. పైకప్పుకి కట్టె దిమ్మలు ఎందుకు ఆనిస్తారో, అవి చప్పుడు చేస్తే మనిషి ఎటు పరిగెత్తాలో గైడు చెప్పేలోపే మామయ్య మాకు చెప్పేశారు. పూర్వం బొగ్గులోంచి రాళ్లు ఏరడానికి చిన్నపిల్లల్ని రోజంతా కూర్చోబెట్టేవారని విని, మా తొమ్మిదేళ్లవాడు "నా అంత పిల్లలా?" అని రెండుసార్లు అడిగాడు.

అందుకే నేను చెప్పేది: ముందు బాయిలోకి దిగండి, తర్వాత తినండి. పోలండ్, స్లొవాకియా, ఇటలీ, ఐర్లాండ్‌ల నుంచి వచ్చి ఈ బాయిల్లో పనిచేసినవాళ్ల వంటే ఇక్కడి తిండి. పియరోగి చూడ్డానికి మన కజ్జికాయలా ఉంటుంది, లోపల ఆలుగడ్డ, చీజు, పైన వెన్నలో వేగిన ఉల్లిపాయ. హలుష్కి అంటే వెన్నలో మగ్గిన క్యాబేజీ, నూడుల్స్. కొందరు బేకన్ వేస్తారు కాబట్టి శాకాహారులు ముందే అడగాలి. చర్చిల్లో వాలంటీర్లు, ముఖ్యంగా ఈస్టర్ ముందు శుక్రవారాల్లో, చేత్తో చేసి అమ్మే పియరోగి దొరికితే అస్సలు వదలొద్దు. పక్కనే ఓల్డ్ ఫోర్జ్ అనే చిన్న ఊరు పిజ్జాకి రాజధాని అని చెప్పుకుంటుంది. అక్కడ పిజ్జా గుండ్రంగా ఉండదు, పొడవాటి ట్రేలో చేస్తారు, ముక్కని 'కట్' అంటారు. పైన కూడా పిండిరేకు కప్పి చేసే వైట్ పిజ్జా మా అత్తయ్యకి తెగ నచ్చింది.

డిక్కీలో పులిహోర, పెరుగన్నం పెట్టుకెళ్లడం తప్పనను, పెద్దవాళ్లకి అవి కావాలి. కానీ ఒక్క పూటైనా అక్కడివాళ్ల హోటల్లో తినాలి, హైవే పక్కన ఎక్కడైనా దొరికే బర్గర్ కాదు. 1930లో లక్షా 43 వేల మంది ఉన్న స్క్రాంటన్‌లో 2020 లెక్కల ప్రకారం 76 వేల మందే ఉన్నారు. మనం పెట్టే నలభై, యాభై డాలర్లు ఆ ఊరికి అవసరం.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అదే రాష్ట్రంలో ఆష్‌లండ్‌లోని పయనీర్ టన్నెల్ అనే ఇంకో బాయికి వెళ్లండి. అక్కడ దిగుడు లేదు, బండిలో కూర్చునే కొండలోకి 1,800 అడుగులు పోవచ్చు. పిల్లలుంటే అక్కణ్ణుంచి కనోబెల్స్ అనే ఆటల పార్కు దగ్గరే, ఎంట్రీ, పార్కింగ్ రెండూ ఫ్రీ, ఎక్కిన రైడుకే డబ్బులు. వీడియోలు చూసి సెంట్రేలియా పోదామనేవాళ్లకి మాత్రం వద్దంటాను. 1962 నుంచి భూమి కింద బొగ్గు మండుతూనే ఉండి దాదాపు ఊరంతా ఖాళీ అయిన చోటు అది, అంతమంది ఇళ్లు పోయినచోట సెల్ఫీ దిగడానికి నాకు మనసొప్పదు. ఆ వీడియోల్లో కనిపించే, జనం రంగులు పూసిన పాత రోడ్డుని కూడా 2020లో మట్టితో కప్పేశారు.

మన సంఘం పిక్నిక్ బస్సు ఈసారి స్క్రాంటన్‌కి వెయ్యమని కమిటీని అడుగుతున్నాను. బాయి చలికాలంలో మూసేస్తారు, ఏప్రిల్ నుంచి నవంబర్ లోపే వెళ్లాలి, అందుకని తేదీ త్వరగా తేల్చండి. తెలుగులో వివరించి చెప్పడానికి మామయ్య రెడీగా ఉన్నారు, ఆగస్టు దాకా ఇక్కడే ఉంటారు.